కున్యా నమిలేంత సేపు

గడియారాలు ఇంటింటికీ రాకముందు బర్మాలో కాలాన్ని కొలవడానికి ఒక మాట ఉండేది: "కున్ తయా న్యెట్". ఒక కున్యా, అంటే ఒక కిళ్ళీ, నోట్లో మెత్తగా నలిగేంత సేపు అని అర్థం. మన లెక్కలో సుమారు పది నిమిషాలు. మనకు రెప్పపాటు ఉంది, గడియ ఉంది, జాము ఉంది. బర్మావాళ్లు వీటికి తోడు నోటిని కూడా గడియారం చేసుకున్నారు.

ఈ అధ్యాయానికి ఆ మాటే దారి చూపిస్తుంది. ఈమధ్య కుర్రాళ్లు అడుగుతున్న ఒక ప్రశ్నకు జవాబు వెతకాలి. పై పెదవి కింద దాచుకునే చిన్న తెల్ల సంచి, నికోటిన్ పౌచ్, దాని ప్రభావం ఎంతసేపు ఉంటుంది? అందులో పొగాకు ఆకు ఉండదు. నికోటిన్, పీచుపొడి, తీపి, వాసనద్రవ్యం, కొంచెం క్షారం, అంతే. 2014లో స్వీడిష్ మ్యాచ్ కంపెనీ 'జిన్' పేరుతో దీన్ని అమెరికాలో అమ్మకానికి తెచ్చింది. 2025 జనవరిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆ పేరుతో ఉన్న 20 రకాల అమ్మకానికి అనుమతి ఇచ్చింది. సరుకు కొత్తదే. నోట్లో నికోటిన్ చేసే పని మాత్రం పాతది. ఆ పనిని దగ్గరగా చూడాలంటే స్టాక్‌హోమ్ కన్నా యాంగాన్‌లోని పబేడాన్ మంచి చోటు.

పబేడాన్ అంటే కమ్మరుల వరస. ఇప్పుడక్కడ కొలిముల బదులు దుకాణాలే ఎక్కువ. షూలే పగోడా నుంచి పడమరగా నాలుగడుగులు వేస్తే చాలు, పేటలోకి వచ్చేస్తాం. 1926లో కట్టిన స్కాట్ మార్కెట్, స్వాతంత్ర్యం తరవాత బోజో ఆంగ్‌సాన్ మార్కెట్‌గా పేరు మారినది, ఈ పేటలోనే ఉంది. 26వ వీధిలో పందొమ్మిదో శతాబ్దం చివర కట్టిన యూదుల ప్రార్థనామందిరం ఉంది. మసీదులున్నాయి, చుట్టుపక్కల దక్షిణాది గోపురాలున్నాయి. వీటన్నిటి మధ్య ప్రతి మలుపులోనూ ఒక చిన్న బల్ల, దాని మీద తడిగుడ్డ కింద తమలపాకులు, ఒక డబ్బాలో సున్నం. అదే కున్యా దుకాణం. కాలిబాట మీద ఎర్రటి మరకలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడికి దగ్గర్లో ఆ బల్ల ఉన్నట్టే.

ఈ వీధులు తెలుగువాళ్లకు పరాయివి కావు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో యాంగాన్ పాత పేరైన రంగూన్‌ని 'రంగం' అనేవారు. "రంగం వెళ్లాడు" అంటే ఓడెక్కి కూలికి వెళ్లాడని ఊరంతటికీ తెలిసేది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద తెలుగు కూలీలను అక్కడ కోరంగీలన్నారు. రేవులో బస్తాలు మోసినవాళ్లు, రిక్షా లాగినవాళ్లు, మిల్లుల్లో వడ్లు ఎత్తినవాళ్లు చాలామంది మనవాళ్లే. 1931 జనగణన నాటికి నాలుగు లక్షల రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు. మనుషులతో పాటు సరుకు కూడా వెళ్లింది. గోదావరి లంకల్లో పండిన ఘాటైన పొగాకు కాకినాడ నుంచి బర్మాకు చుట్టల కోసం ఎగుమతయ్యేది. పబేడాన్‌లో పొగాకు కథ రాస్తూ గోదావరిని వదిలెయ్యడం నా వల్ల కాదు. బస్తా మోసిన భుజమూ, బస్తాలోని ఆకూ ఒకే ఒడ్డునుంచి వెళ్లాయి.

బర్మీయంలో పొగాకును, ఔషధాన్ని ఒకే మాటతో 'సే' అంటారు. మన 'మందు' వైద్యుడిచ్చేదానికీ, సారా దుకాణంలో దొరికేదానికీ ఒకటే అయినట్టు. ఆ మాట వెనక ఎంత అనుభవం ఉందో కున్యా కట్టే తీరు చూస్తే తెలుస్తుంది. ఆకు తిరగేసి దాని మీద తడి సున్నం పూస్తారు. వక్కపలుకులు, కాసు, కొన్నిటిలో సోంపు, లవంగం, యాలక్కాయ, చివర పొగాకు పెట్టి మడిచి, ఒక చిన్న ప్లాస్టిక్ సంచిలో నాలుగైదు వేసి ఇస్తారు. చూసేవాళ్లకు సున్నం రంగు కోసమో, రుచి కోసమో అనిపిస్తుంది. వక్కతో సున్నం కలిస్తేనే నోరు పండుతుందన్నది నిజమే. కానీ నికోటిన్ దగ్గర సున్నం చేసే పని ఇంకొకటుంది. ఈ అధ్యాయంలో ఒక్క విషయమే గుర్తుండాలంటే అది ఇదే కావాలని నా కోరిక.

నికోటిన్ ఒక క్షారం. నోటి తడిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒక రూపం హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని విద్యుదావేశంతో ఉంటుంది, రెండోది ఏ ఆవేశమూ లేకుండా ఉంటుంది. బుగ్గ లోపలి పొర కణాలకు కొవ్వు గోడలుంటాయి. ఆవేశం ఉన్న రూపం నీళ్లలో హాయిగా కరుగుతుంది, కొవ్వును మాత్రం దాటలేదు. ఆవేశం లేని రూపం సులువుగా దూరిపోతుంది. ఏ రూపం ఎంత ఉండాలన్నది నోటిలోని ఆమ్లత, అంటే పీహెచ్, నిర్ణయిస్తుంది. పీహెచ్ 6 దగ్గర నికోటిన్‌లో వందో వంతు మాత్రమే దాటగల స్థితిలో ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర, అంటే మామూలు లాలాజలం దగ్గరదగ్గరగా, పదో వంతుకు కాస్త తక్కువ. 8 దగ్గర సగం సగం. 9కి చేరితే పదింట తొమ్మిది వంతులు దాటడానికి సిద్ధం. సున్నపుతేట పీహెచ్ 12 పైమాటే. వేలి కొనతో పూసిన ఆ తెల్లటి గీత, నికోటిన్‌కు బుగ్గ తలుపు తీసే తాళంచెవి.

ఈ సంగతి రసాయనశాస్త్రం చదవకుండానే లోకమంతా కనిపెట్టింది. బిహార్‌లో ఖైనీని అరచేతిలో సున్నంతో నలుపుతారు. సూడాన్‌లో తూంబాక్‌కు వంటసోడా వంటి క్షారం కలుపుతారు. అఫ్ఘనిస్తాన్‌లో నస్వార్‌కు సున్నమో బూడిదో కలుపుతారు. స్వీడన్‌లో స్నూస్‌కు సోడియం కార్బొనేట్ కలుపుతారు. ఒకరికొకరు ఎదురుపడని మనుషులు ఒకే ఉపాయానికి వచ్చారు. ఎందుకంటే క్షారం లేనిచోట పొగాకు నోట్లో వృథా అవుతుందని ప్రతి ఒక్కరికీ నాలుకే చెప్పింది.

ప్రయోగశాలకు ఇది ఆలస్యంగా తెలిసింది. 1967లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో క్లేస్ లుండ్‌గ్రెన్, స్టెఫాన్ లిచ్ట్‌నెకర్ట్ అనే ఇద్దరు, జలాంతర్గాముల్లో పొగ తాగే వీలులేని నావికులు నోటి పొగాకుతో సరిపెట్టుకోవడం గమనించారు. హెల్సింగ్‌బోరీలోని లియో మందుల కంపెనీలో పనిచేస్తున్న ఊవే ఫెర్నోకు ఆ సంగతి ఉత్తరం రాశారు. అక్కడినుంచి నికోటిన్ చూయింగ్ గమ్ పుట్టింది. గమ్‌లో క్షారం కలిపితేగానీ నికోటిన్ రక్తంలోకి సరిగా ఎక్కలేదు. 1978లో స్విట్జర్లాండ్ ఆ మందుకు మొదట అనుమతి ఇచ్చింది. నేటి పౌచ్ ఆ గమ్‌కు, స్నూస్‌కు పుట్టిన బిడ్డ. దాని డబ్బా మీద పీహెచ్ సవరించే పదార్థం అని చిన్న అక్షరాల్లో ఉండేది పబేడాన్ బల్లమీది సున్నపుడబ్బాకు పట్నపు పేరు.

1990లో అమెరికాలో జాక్ హెనింగ్‌ఫీల్డ్ బృందం ఒక తేలికైన పరీక్ష చేసింది. గమ్ నమలబోయే ముందు, నములుతుండగా కాఫీతోనో కోలాతోనో నోరు పుక్కిలించిన వాళ్లకు రక్తంలోకి నికోటిన్ దాదాపు ఎక్కనేలేదు. ఆ పానీయాల్లోని ఆమ్లం లాలాజలాన్ని మార్చేసింది. కాబట్టి ఒకే పౌచ్ ఒకడికి గంట సేపు 'పట్టింది', ఇంకొకడికి అసలు తెలియలేదు అంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకడు ముందు నిమ్మరసం తాగి ఉండొచ్చు.

ఇప్పుడు కాలం లెక్కకు వద్దాం. కున్యాలో నడిచే గడియారాలు రెండు.

మొదటిది వక్కది. పొగాకు అమెరికా ఖండంనుంచి ఆసియాకు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే బర్మాలో వక్కాకులున్నాయి. వక్కలో అరెకోలిన్ ఉంటుంది. అది కూడా నాడుల మీద పనిచేసే క్షారమే. తైవాన్ వైద్యుడు నై-షిన్ చూ వక్క నమిలినవాళ్ల గుండె వేగాన్ని కొలిచాడు. రెండు నిమిషాల్లోపే వేగం పెరగడం మొదలై, నాలుగైదు నిమిషాలకు శిఖరానికి చేరి, సగటున పదహారు పదిహేడు నిమిషాల్లో తగ్గిపోయింది. ఒళ్లు వెచ్చబడడం, చెమట పట్టడం, కాస్త హుషారు, అన్నీ ఆ కొద్దిసేపట్లోనే. బర్మా మాటలోని పది నిమిషాలకు, తైవాన్ గడియారంలోని పదహారు నిమిషాలకు పెద్ద దూరం లేదు. పాతకాలపు కున్యాలో నమలడమూ, దాని మహిమా దాదాపు కలిసే ముగిసేవని నా ఊహ. కున్ తయా న్యెట్ అన్నప్పుడు ఆ మాట పూర్తిగా నిజం.

పొగాకు వచ్చి చేరాక రెండో గడియారం మొదలైంది. అది నోటితో ఆగదు.

సిగరెట్టు దమ్ము లాగితే నికోటిన్ ఊపిరితిత్తులనుంచి పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. రక్తంలో చివ్వున పైకి లేచి, సిగరెట్టు ఆరేసరికి కిందికి దిగడం మొదలవుతుంది. నోటినుంచి వెళ్లే నికోటిన్ అలా పరుగెత్తదు. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నీల్ బెనోవిట్జ్ బృందం ఒకే మనుషులకు వేరువేరు రోజుల్లో సిగరెట్టు, నోటి పొగాకు, గమ్ ఇచ్చి రక్తం పరీక్షించింది. నోటి పొగాకును అరగంట ఉంచుకుంటే రక్తంలో నికోటిన్ ఆ అరగంటా నెమ్మదిగా ఎక్కింది. శిఖరం సిగరెట్టు శిఖరంతో సమానంగానే ఉంది. ఉమ్మేశాక కూడా వెంటనే పడిపోలేదు. బుగ్గపొరలో ఇంకిపోయినది, మింగిన లాలాజలంలో పోయినది కాసేపు చేరుతూనే ఉంది. మొత్తం మీద ఒక్కసారి నోట్లో పెట్టుకున్న పొగాకువల్ల శరీరానికి తగిలిన నికోటిన్, ఒక్క సిగరెట్టువల్ల తగిలినదానికి రెట్టింపు. పొగ లేదు కదా, తక్కువే అనుకునేవాళ్లు ఈ లెక్కను ఒకటికి రెండుసార్లు చదవాలి.

పౌచ్ కూడా ఈ దారిలోనే నడుస్తుంది. అమెరికా డబ్బాల మీద 3 మిల్లీగ్రాములు, 6 మిల్లీగ్రాములు అని ఉంటుంది. గంటసేపు పెదవి కింద ఉంచుకున్నా అందులో అరకు కాస్త పైన మాత్రమే బయటికి వస్తుంది. మిగిలింది పారేసిన సంచిలోనే ఉండిపోతుంది. అందుకే వాడిపారేసిన పౌచ్ పసిపిల్లలకు ప్రమాదం. నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో దాన్ని చెత్తబుట్ట అంచున వదిలేయకూడదు.

పెదవి కింద చురుక్కుమనడం వెంటనే తెలుస్తుంది. తల తేలికవడం, గుండె కాస్త వేగం పుంజుకోవడం కొన్ని నిమిషాలు గడిచాక తెలుస్తాయి. రక్తంలో మట్టం అరగంట నుంచి గంట మధ్య శిఖరానికి చేరుతుంది. సంచి తీసేశాక గంటా రెండుగంటల్లో 'ఏదో ఉంది' అన్న భావన మాసిపోతుంది. ప్రశ్న అడిగిన కుర్రాడికి కావలసిన జవాబు ఇంతే. కానీ ఇది భావన ఎంతసేపుంటుందో మాత్రమే చెప్పింది. మందు ఎంతసేపుంటుందన్నది వేరు.

నికోటిన్ అర్ధాయువు సుమారు రెండు గంటలు. అంటే రక్తంలో 16 పాళ్లు ఉంటే రెండు గంటలకు 8, నాలుగు గంటలకు 4, ఆరింటికి 2, ఎనిమిదింటికి 1. పూర్తిగా పోయిందనడానికి పది గంటలు పడుతుంది. ఈ లోపల ఇంకొకటి నోట్లో పెట్టుకుంటే పాత దాని మీద కొత్తది చేరుతుంది. పొద్దున్న లేచి పళ్లు తోమగానే మొదలుపెట్టి గంటకొకటి చొప్పున నమిలేవాడికి మధ్యాహ్నం వరకూ మట్టం మెట్టుమెట్టుగా పెరుగుతూ పోయి అక్కడినుంచి నిలకడగా ఉంటుంది. రాత్రి పడుకునే వేళకు అది నిండుగా ఉంటుంది. తెల్లవారుజామున కూడా కాస్త మిగిలి ఉంటుంది. రోజంతా ఒక్క నిమిషం కూడా అతని రక్తం నికోటిన్ లేకుండా ఉండదు. అయినా అతనికి ప్రతి గంటకూ "అయిపోయింది" అనిపిస్తుంది. ఎందుకు?

జవాబు మెదడులో ఉంది. మెదడు కణాల మీద ఎసిటైల్‌కోలిన్ అనే సొంత రసాయనం కోసం పెట్టుకున్న గ్రాహకాలున్నాయి. నికోటిన్ వాటికి అతుక్కుంటుంది. వ్యసనంలో ముఖ్యమైనవి ఆల్ఫా-4 బీటా-2 అనే రకం. నికోటిన్ అతుక్కోగానే అవి తెరుచుకుంటాయి, ఆ కబురు డోపమిన్‌గా మారుతుంది, మనిషికి హాయి. కానీ కాసేపటికే ఆ గ్రాహకాలు మొద్దుబారతాయి. నికోటిన్ ఇంకా అతుక్కునే ఉంటుంది, అవి మాత్రం పలకవు. 2006లో కాలిఫోర్నియాలో ఆర్థర్ బ్రోడీ బృందం మెదడు చిత్రాలు తీసి దీన్ని లెక్కకట్టింది. ఒకటి రెండు దమ్ములకే సగం గ్రాహకాలు మూడు గంటలకు పైగా నికోటిన్ పట్టులో ఉండిపోయాయి. ఒక్క సిగరెట్టు పూర్తిగా తాగితే 88 శాతానికి పైన నిండిపోయాయి. రెండు దమ్ముల సుఖం కాసేపే. దాని పట్టు మూడు గంటలు.

అందుకే నికోటిన్ ప్రభావం ఎంతసేపు అని అడిగినప్పుడు ఒకే అంకె చెప్పేవాళ్లను నేను నమ్మను. సుఖం ముందు వెళ్లిపోతుంది. మందు వెనక ఉండిపోతుంది. ఆ రెండిటి మధ్య ఉన్న ఖాళీలోనే తలనొప్పి, చిరాకు, ఇంకొకటి కావాలన్న తహతహ పుడతాయి. రోజులో మొదటి కున్యా అంత బాగుండడానికి కారణం కూడా ఇదే: రాత్రి నిద్రలో కొన్ని గ్రాహకాలు విడుదలై మళ్లీ పలికే స్థితికి వస్తాయి. తరవాతివన్నీ తహతహను తీర్చడానికే సరిపోతాయి. ఎండలో రిక్షా లాగేవాడికి, బస్తా మోసేవాడికి ఇది ఎంత అవసరంగా కనపడుతుందో ఊహించగలను. నికోటిన్ ఆకలిని మందగింపజేస్తుంది, అలసటను కాసేపు పక్కకు నెడుతుంది. కూలి డబ్బుల్లో అన్నం కన్నా ముందు కున్యాకు తీసిపెట్టడం బలహీనత కాదు. ఆ శరీరం నేర్చుకున్న లెక్క అది.

అర్ధాయువు రెండు గంటలన్నాను. అది సగటు. నికోటిన్‌ను విరగ్గొట్టే పని ముఖ్యంగా కాలేయంలోని సిప్-2ఎ6 అనే ఎంజైముది. ఈ ఎంజైము అందరిలో ఒకేలా పనిచేయదు. తూర్పు ఆసియా జనంలో దీన్ని మందగింపజేసే జన్యురూపాలు ఎక్కువ. అలాంటివాళ్ల శరీరంలో నికోటిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. ఆడవాళ్లలో ఈస్ట్రోజన్ ప్రభావంవల్ల ఎంజైము కాస్త వేగంగా పనిచేస్తుంది. పబేడాన్ లాంటి చోట, బర్మావాళ్లు, చైనీయులు, తమిళులు, బెంగాలీలు, తెలుగువాళ్లు ఒకే వీధిలో కాపురముండే చోట, ఒకే బల్ల మీద ఒకే చేత్తో కట్టిన ఒకే కున్యా ఒక్కొక్కరిలో ఒక్కొక్కసేపు నడుస్తుంది.

గర్భిణుల్లో ఈ ఎంజైము ఇంకా చురుకవుతుంది. నికోటిన్ తొందరగా పోతుంది, తహతహ తొందరగా వస్తుంది, అలవాటున్న తల్లి మరింత తరచుగా నమలాలనుకుంటుంది. కానీ మావి దాటి బిడ్డకు చేరిన నికోటిన్ సంగతి అలా కాదు. అప్పుడే పుట్టిన శిశువు కాలేయం ఇంకా పనికి అలవాటు పడలేదు. తల్లి పొగాకువల్ల నికోటిన్‌తో పుట్టిన పసికందుల్లో దాని అర్ధాయువు సుమారు 11 గంటలని కొలిచారు. పెద్దవాళ్లలో పది గంటల్లో ముగిసే లెక్క వాళ్లలో రెండు రోజులు దాటుతుంది. పైగా నికోటిన్ తల్లి రక్తంలో కన్నా పాలలో ఎక్కువగా చేరుతుంది. మయన్మార్‌లో 2014లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో మగవాళ్లలో నూటికి 62 మంది, ఆడవాళ్లలో నూటికి 24 మంది నోటి పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఆ 24 పక్కన 11 గంటలను పెట్టి చూసినప్పుడు నాకు మనసు నిలవలేదు. నికోటిన్ కబుర్లలో మనం ఎప్పుడూ పెద్దవాళ్ల గడియారాన్నే చూస్తాం.

నికోటిన్ పోయాక కూడా దాని జాడ ఉంటుంది. కాలేయం నికోటిన్‌లో నూటికి 70, 80 పాళ్లను కోటినిన్‌గా మారుస్తుంది. కోటినిన్ అర్ధాయువు పదహారు గంటలు, ఆపైన. అందుకే మానేసిన మూడో రోజు, నాలుగో రోజు కూడా రక్తంలో, లాలాజలంలో, మూత్రంలో అది దొరుకుతుంది. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి వెంట్రుకలో నెలల కిందటి సంగతి కూడా బయటపడుతుంది. పరీక్షల్లో దొరుకుతామేమోనని అడిగేవాళ్లకు ఇదీ జవాబు. కోటినిన్ మాత్రం సుఖాన్ని ఇవ్వదు, హాయినీ ఇవ్వదు.

మానేసినవాళ్లకు ఎంతసేపు అనేదాన్ని సూటిగా చెప్పాలి, ఎందుకంటే ఈ అంకెలు తెలియకనే చాలామంది మధ్యలో ఓడిపోతారు. ఆఖరిది ఉమ్మేసిన కొన్ని గంటల్లోనే చిరాకు, ఏకాగ్రత కుదరకపోవడం, నిద్ర చెడడం, ఆకలి పెరగడం మొదలవుతాయి. రెండో రోజు, మూడో రోజు అన్నిటికన్నా కష్టం. తరవాత మెల్లగా దిగుతూ రెండునుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. మెదడు మాత్రం ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది. ఏళ్ల తరబడి నికోటిన్ వాడినవాళ్లలో ఆ గ్రాహకాల సంఖ్య పెరిగి ఉంటుంది, అది మామూలు స్థాయికి దిగడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని పొగ మానినవాళ్ల మెదడు చిత్రాల్లో కనిపించింది. మూడో రోజు మళ్లీ నోట్లో పెట్టుకున్నవాడు కొండ చిట్టచివరి మలుపు దగ్గర వెనక్కి తిరిగినవాడు. ఈ మాట తెలిసి ఉంటే ఇంకొక్క రోజు ఓపిక పట్టేవాడేమో.

పౌచ్‌నూ కున్యానూ ఇంతసేపు ఒకే గాటన కట్టాను. నికోటిన్ లెక్క వరకే అది సబబు. మిగతా విషయాల్లో రెండూ ఒకటి కావు. పౌచ్‌లో ఆకు లేదు కాబట్టి పొగాకులో పుట్టే నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు దాదాపు ఉండవు. వక్క అసలే లేదు. ఎన్ని మిల్లీగ్రాములో డబ్బా మీద ఉంటుంది. కున్యా కట్టే మనిషి చిటికెడు పొగాకు వేస్తాడు. ఆ చిటికెడు ఏ పొగాకుదో, ఎంతో రాసిన చీటీ ఎక్కడా ఉండదు. మయన్మార్‌లో 2006లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది, 2016 నుంచి పొగాకు డబ్బాల మీద ముప్పాతిక భాగం హెచ్చరిక బొమ్మలు తప్పనిసరి అయ్యాయి. అప్పటికప్పుడు మడిచి ఏ పేరూ లేని ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చేదాని మీద బొమ్మ ఎక్కడ అచ్చువేస్తారు? పొగాకు చట్టాలన్నీ ఫ్యాక్టరీ సరుకును దృష్టిలో పెట్టుకుని రాసినవి. చేత్తో కట్టేది వాటి కళ్లకు ఆనదు.

కున్యా నుంచి పౌచ్‌కు మారితే మంచిదా అని ఎవరైనా నన్ను అడిగితే, నోటి క్యాన్సర్ లెక్కలో ప్రమాదం తగ్గుతుందనే చెబుతాను. ఇదివరకు ఏ అలవాటూ లేని పదహారేళ్ల పిల్లవాడు పౌచ్‌తో మొదలుపెడితే మంచిదా అని అడిగితే, మెదడు ఇంకా పూర్తిగా తయారుకాని ఆ వయసులో గ్రాహకాలను ఆ పాఠానికి అప్పగించొద్దని చేతులు పట్టుకుని చెబుతాను. రెండూ ఒకే ప్రశ్న కాదు. ఒకే జవాబు ఇస్తే ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

వక్క సంగతి చెప్పకుండా పబేడాన్ వదలలేను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను, పొగాకు కలవకపోయినా సరే, మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా తేల్చింది. పొగాకు కలిసిన కిళ్ళీ సంగతి 1985లోనే తేలింది. క్యాన్సర్‌కు ముందు వచ్చేది మరొకటుంది. ఏళ్ల తరబడి వక్క నమిలినవాళ్ల బుగ్గల లోపలి మెత్తటి పొర కింద పీచు పేరుకుంటుంది. మొదట కారం తగిలితే మంట. తరవాత బుగ్గ తెల్లబారి గట్టిపడుతుంది. వేలితో నొక్కితే తాడులాంటి పట్టీలు తగులుతాయి. క్రమంగా నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. వైద్యులు దీన్ని కొలిచే పద్ధతి చాలా తేలిక: మీ చేతి మూడువేళ్లు నిలువుగా కలిపి నోట్లో పెట్టమంటారు. ఆరోగ్యంగా ఉన్న నోట్లో మూడూ పడతాయి. ఈ జబ్బు ముదిరిన మనిషికి రెండు కూడా పట్టవు. అన్నం ముద్ద పట్టదు, అరటిపండు చిదిపి పెట్టుకోవాలి, ఆవలింత సగంలో ఆగుతుంది. అప్పుడు కున్యా మానేసినా పేరుకున్న పీచు కరగదు; ముదరకుండా ఆగవచ్చు, వెనక్కి మాత్రం పోదు.

నమలడం పది నిమిషాలు, వక్క హుషారు పావుగంట, పొగాకు సుఖం గంట, రక్తంలో నికోటిన్ పది గంటలు, కోటినిన్ నాలుగు రోజులు, తహతహ నాలుగు వారాలు, గ్రాహకాలు మూడు నెలలు. అన్నీ గడిచిపోయి, ఏ పరీక్షలోనూ ఏ జాడా దొరకని రోజున కూడా, ఆ మనిషి అద్దం ముందు నిలబడి మూడువేళ్లు కలిపి నోటి దగ్గరకు తెచ్చుకుంటే, మూడోది బయటే ఉంటుంది.